మా దేవదారుకి దొంగలు

మా కొండ ఊళ్ళలో ఇంటికి వెన్నుదూలం కొనరు, దొంగిలిస్తారు. మిగతా కర్ర అంతా ఎక్కడ కొన్నా ఫరవాలేదు. కప్పు నడినెత్తిన పడుకునే ఆ ఒక్క దూలం మాత్రం పక్కవాడి కొండ మీంచి, తెల్లవారుతుండగా, అడక్కుండా కొట్టుకు రావాలి. నరికిన మొదలు మీద ఎర్రకాగితంలో చుట్టిన కానుక పెట్టాలి. కొండ దిగాక టపాకాయలు కాల్చాలి. ఆ చప్పుడికి చెట్టు సొంతదారు అప్పుడే మెలకువ వచ్చినట్టు బయటికొచ్చి, నోటికొచ్చినట్టు తిట్టాలి. ఎంత తిడితే ఆ ఇంటికి అంత కలిసొస్తుంది. తిట్టినవాడికీ కలిసొస్తుంది. "పోయినేడు మా కొండలో దూలం పోయింది" అని చెప్పుకునేవాళ్ళ మొహాలు చూడాలి మీరు, కొడుక్కి సర్కారు ఉద్యోగం వచ్చినట్టు వెలిగిపోతుంటాయి.

మా కొండలో ఎన్నడూ పోలేదు. ఎందుకంటే మేము దింగ్ వాళ్ళం.

వాగు ఒడ్డున ఉన్న మంటపం పాంగ్ అయ్యగారిది. కరువు ఏడాది ఈ కొండజనం దగ్గర ధాన్యం పన్ను వసూలు చేయొద్దని చక్రవర్తికే ఎదురు రాసి, నిండు కొలువులో కర్రదెబ్బలు తిని ప్రాణం వదిలిన మనిషి ఆయన. కరువూ లేదు గిరువూ లేదు, ఇతను రాసిందంతా అబద్ధం అని అక్కడ సాక్ష్యం చెప్పినవాడు మా పూర్వీకుడు. ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారట. నాలుగొందల ఏళ్ళు దాటింది. చక్రవర్తులు పోయారు, ఆ పన్నులూ పోయాయి, ఆ సాక్ష్యం మాత్రం పోలేదు. మంటపం మెట్ల కింద మా పూర్వీకుడి రాతిబొమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఉంటుంది. పరీక్షలకు వెళ్ళే పిల్లలు దాని నెత్తిన ఒక మొట్టికాయ వేసి మరీ వెళతారు. నేనూ ఒకసారి వేశాను, లెక్కల పరీక్షకి. తప్పాను.

ఊళ్ళో మమ్మల్ని ఎవరూ వెలేయలేదు, ఆ మాట చెప్పుకోవాలి. మంటపానికి ఎదురుగా నేనూ అమ్మా నడిపే టోఫు కొట్టుకి అందరూ వస్తారు, ఒక్క పాంగ్ ముసలావిడ తప్ప. పెళ్ళిళ్ళకు పిలుస్తారు. కానీ దింగ్ వాళ్ళ కొండ మీది కర్ర మాత్రం ఏ కప్పు కిందా పెట్టరు. తప్పుడు సాక్ష్యం చెప్పినవాళ్ళ చెట్టు బరువు పడగానే విరుగుతుందని ఒక భయం. ఎవరూ పైకి అనరు. అంటే నేను ఊరుకోనని వాళ్ళకి తెలుసు. నా నోటికి జడిసి ఒక మంచి సంబంధం వెనక్కి పోయిందని అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది.

మా నాన్న దింగ్ షౌమిన్‌కి ఈ లోకంలో ఒకే ఒక్క కోరిక ఉండేది. తన చెట్టుని ఎవరైనా దొంగిలించాలి.

ఆ దేవదారు మా కొండ నడుమున, ఒక రాతి అంచు మీద ఉండేది. నిటారుగా, గుంజీలు తీయబోయే పిల్లవాడిలా ఒళ్ళు బిగబట్టి నిలబడేది. మొదలు చుట్టూ పిలకలు. అలా పిలకలున్న చెట్టే దూలానికి శ్రేష్ఠం, ఆ ఇంట పిల్లాపాపలు నిండుతారని. నాన్న ఏటేటా దాని కింద కలుపు తీసేవాడు, కింది కొమ్మలు కోసేవాడు. ఊళ్ళో ఎవరు ఇల్లు కడుతున్నారని తెలిసినా చాలు, కొడవలి పట్టుకుని కొండ మీదికి పోయి దారి శుభ్రం చేసేవాడు. వాన పడితే జారుతుందని మెట్లు కొట్టాడు. ఒకసారి గొడ్డలి కూడా చెట్టుకి ఆనించి "మర్చిపోయి" వచ్చాడు. దాన్ని మాత్రం ఎవరో నిజంగానే దొంగిలించారు.

ఆ వసంతంలో, పెద్దల సమాధులు తుడిచే పండుగనాడు, మంటపం వెన్నుదూలం చిట్లింది. చెదలు ఎన్నాళ్ళుగా తిన్నాయో ఏమో. వాన నేరుగా పాంగ్ అయ్యగారి పేరు చెక్కిన పలక మీద కారుతోంది. పాంగ్ ముసలావిడ నూనెకాగితం గొడుగు తెప్పించి పలక మీద పట్టుకుని నిలబడింది. తర్వాత పలక వెనక ఒక గుంజ పాతి ఆ గొడుగుని దానికి కట్టించింది గానీ, గాలి తోసినప్పుడల్లా పరుగెత్తుకొచ్చి తనే పట్టుకునేది. ఎనభై ఏళ్ళ మనిషి. పాంగ్ వాళ్ళింటికి కోడలిగా వచ్చి, వాళ్ళ వంశానికే పెద్దదిక్కయి కూర్చుంది. ఆవిడ మాటంటే మాటే.

కప్పు విప్పి కొత్త దూలం ఎక్కించాలని తీర్మానించారు. పడవల పండుగకి ముందే ముహూర్తం పెట్టారు. పొరుగు జిల్లా నుంచి లాయ్ మేస్త్రి అనే వడ్రంగిని పిలిపించారు. పొడుగాటి మనిషి, మెడ ఎప్పుడూ పైకెత్తి చెట్ల చివర్లు చూస్తూ నడిచేవాడు. ఆయనకి మా పాత గొడవలతో పనిలేదు. కొండలన్నీ తిరిగాడు. పాంగ్ వాళ్ళ కొండల మీద ఉన్నదంతా తేయాకూ వెదురూను. ఒక మధ్యాహ్నం మా దేవదారు దగ్గర ఆగి, దాని చుట్టూ చేతులు వేసి, చెవి ఆనించి, అరచేత్తో తట్టి చాలాసేపు అక్కడే ఉన్నాడు. నాన్న చిక్కుడు పాదుల్లో వంగుని అదంతా చూశాడు. ఇంటికొచ్చి అన్నం తినకుండా మూడుసార్లు చెయ్యి కడుక్కున్నాడు.

"ఏమైంది?" అంది అమ్మ.

"కౌగిలించుకున్నాడే," అన్నాడు నాన్న. "నీ మీదొట్టు. చెట్టుని కౌగిలించుకున్నాడు."

లాయ్ మేస్త్రి వెళ్ళి ఉన్న మాట చెప్పాడు, ఈ చుట్టుపట్ల మంటపానికి తగ్గ చెట్టు ఆ ఒక్కటే అని. పాంగ్ ముసలావిడ విననే లేదట. చంపించినవాడి చెట్టు తెచ్చి చచ్చినవాడి నెత్తిన పెడతారా అని అడిగిందట. దూలాన్ని పట్నంలో కలప అడితీ నుంచి కొని తెప్పించాలని తేల్చారు. దొంగిలించాల్సినదాన్ని కొనడమేమిటని ముసలాళ్ళు గొణిగారు గానీ, దింగ్ చెట్టు కంటే కొన్నదే నయం అనుకున్నారు.

ఆ సంగతి నాన్నకి నేనే చెప్పాల్సి వచ్చింది. సాయంత్రం రంపం బయటికి తీసి ఆకురాయితో పళ్ళకు పదును పెడుతూ కూర్చున్నాడు.

"ఎందుకు నాన్నా?"

"నేనే కొట్టేస్తా. నా శవపెట్టెకైనా పనికొస్తుంది. అందులో పడుకునేవాడు దింగే కదా, ఎవరికీ అభ్యంతరం ఉండదు."

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఇన్నేళ్ళలో ఆయన ఆ రాతిబొమ్మ గురించి గానీ, మా పూర్వీకుడి గురించి గానీ ఒక్క పొల్లు మాట అనగా నేను వినలేదు. పెద్దల్ని తిట్టకూడదు మాలో. దారిలో ఆ బొమ్మ కనపడితే తల తిప్పుకుని పోయేవాడు, అంతే.

లారీలో దూలం వచ్చిన రోజు నేను కొట్టులోనే ఉన్నాను. పాంగ్ ముసలావిడ మనవడు దాలిన్ లారీ తోలుకొచ్చాడు. దూలాన్ని నేలకి తాకనివ్వకూడదు, ఎవరూ దాటకూడదు. ఈ రెండూ ముసలావిడ వారం నుంచి ఊరందరికీ చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుంది. ఒక కొస లారీ మీదే ఉండగా రెండో కొసని చిన్న పీట మీదికి దించారు. మగవాళ్ళంతా ఊపిరి పీల్చుకుంటున్నారు. ఇంతలో ఎవరిదో కోడి ఒకటి ఎగిరి దూలం మీద, పీట వైపు కొసన కూర్చుంది. ముసలావిడకి ఒళ్ళు మండింది. చేతికర్ర ఎత్తి "అది దాటిందంటే మీ పని చెప్తా" అని అరుస్తూ దాని మీదికి పోయింది. కోడి అటు దూకింది. ఆవిడా దాని వెనకే పోయింది.

సగం పోయి ఆగింది. ఒక కాలు ఇటుంది, ఒక కాలు అటుంది. మధ్యలో దూలం.

ఊరంతా అలాగే నిలబడిపోయింది. నా చేతిలో గరిటె నుంచి సోయాపాలు కారి కాలి మీద పడుతున్నా నేను కదల్లేదు. దాలిన్ నవ్వాపుకోలేక లారీ చక్రం వెనక్కి పోయి కూర్చున్నాడు. ముసలావిడ కిందికి చూసుకుంది. కోడిని చూసింది. తర్వాత మెల్లగా, ఎంతో మర్యాదగా, రెండో కాలు కూడా అవతలికి వేసి, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

దాటిన దూలం మంటపానికి పనికిరాదు. దాన్ని తీసుకెళ్ళి పందుల దొడ్డికి వేసుకున్నారు. ఆ పొడవున్న కర్ర అడితీలో ఇంకోటి లేదని కబురొచ్చింది. ముహూర్తం చూస్తే దగ్గర పడుతోంది. నాన్న ఈ కథ విని పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వడం అయ్యాక, ఇంకో ఊరి నుంచి ఇంకో లారీ తెప్పిస్తార్లే అని మళ్ళీ రంపం అడిగాడు. మేనమామ వాళ్ళకి అరువిచ్చానని అబద్ధమాడాను. దాన్ని తీసుకెళ్ళి సోయా బస్తాల వెనక దాచింది అమ్మే.

రెండు రోజుల తర్వాత, వాన వెలిసిన పొద్దున, పాంగ్ ముసలావిడ గిన్నె పట్టుకుని మా కొట్టు ముందు నిలబడింది.

నేను పుట్టి బుద్ధెరిగాక ఆవిడ మా కొట్టు మెట్టు ఎక్కలేదు. టోఫు కోసం అవతలి ఊరికి మనిషిని పంపేది.

"ఒక పలక ఇవ్వు," అంది.

కోసి గిన్నెలో వేశాను. ఆవిడ కదల్లేదు. టోఫు వైపు చూస్తూ అడిగింది.

"మీ నాన్నకి నిద్ర బాగా పడుతుందా?"

మా నాన్న ఎలక తుమ్మినా లేచి కూర్చుంటాడు.

"మొద్దు నిద్ర అవ్వా. పిడుగు పడ్డా లేవడు."

"కుక్క ఉందనుకుంటా మీకు?"

"ముసలిదైపోయింది. చెవుడు కూడా." మా కుక్కకి రెండేళ్ళు.

"ఈ వానలకి కొండదారి బాగా జారుతుందేమో."

"నాన్న మెట్లు కొట్టాడుగా. ఎందుకు కొట్టాడో ఏమో, పనిలేక."

ఆవిడ గిన్నె మీద మూత పెట్టింది. మళ్ళీ తీసింది. ఆ ముడతల మొహంలో ఏదో కొట్టుమిట్టాడుతోంది. నేను ఎప్పుడూ ఇంతసేపు మాట్లాడకుండా ఉన్నది లేదు. ఆ రోజు మాత్రం నాలుక పళ్ళ మధ్య పెట్టి నొక్కుకున్నాను.

"నాకు మనసొప్పడంలేదే పిల్లా," అంది చివరికి. "ఆయన నెత్తి మీద మీ చెట్టంటే."

"నెత్తి మీద అనుకోకు అవ్వా. గొడుగనుకో. ఎన్నాళ్ళని నువ్వొక్కదానివే పట్టుకుంటావు?"

ఆవిడ డబ్బులిచ్చి మెట్లు దిగింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, టోఫు పుల్లగా ఉంటే తిరిగి తెచ్చిస్తానని బెదిరించి వెళ్ళింది. మర్నాడు మళ్ళీ వచ్చి ఇంకో పలక కొంది.

నాన్నకి చెప్పడానికి లేదు. చెబితే అది దొంగతనం కాదు. అమ్మకి మాత్రం చెప్పాను. ఆవిడ ఆ మధ్యాహ్నమంతా పిండి రుబ్బుతూ తనలో తనే నవ్వుకుంది. నాన్న అడిగితే పళ్ళు నొప్పి అంది.

వాళ్ళు వచ్చిన రోజు ఇంకా పూర్తిగా తెల్లారలేదు. కోళ్ళు కూయబోతున్నాయి. కొండ మీద ఆకుల గలగల వినపడింది, తర్వాత ఎవరో దగ్గి, ఇంకెవరో ఆ దగ్గినవాణ్ణి తిట్టడం. మా చెవిటి ముసలి కుక్క చెవులు నిక్కబొడిచి లేచింది. నేను దాని మూతి ఒళ్ళోకి లాక్కుని పట్టుకున్నాను. రంపం చప్పుడు మొదలైంది.

నాన్న మంచం మీద చటుక్కున లేచి కూర్చున్నాడు. చీకట్లో ఆయన ఊపిరి నాకు వినపడింది.

"అది..." అన్నాడు.

"ఏమీ లేదు, పడుకో," అంది అమ్మ.

"అది మన చెట్టే."

"నీకు మొద్దు నిద్ర. పిడుగు పడ్డా లేవవు. పడుకో."

ఆయన పడుకున్నాడు. దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. కాసేపటికి ఆ దుప్పటి వణకడం మొదలెట్టింది. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. ఇంతలో మళ్ళీ లేచాడు.

"పై వైపు నుంచి కోస్తున్నారే! వెధవలు, అటు కోస్తే తేయాకు మీదికి వాలుతుంది. చెట్టు నేలకి తగలకుండా ఆనించే వెదురు గుంజలు ఇటేగా కట్టాలి, అటు కోస్తారేంటి? ఒక్క మాట చెప్పొస్తా."

"నీ చెట్టు దొంగిలించేవాళ్ళకి నువ్వెళ్ళి చెప్తావా?" అమ్మ ఆయన చొక్కా కొస పట్టుకుంది. ఆయన లాగాడు. ఆవిడ వదల్లేదు. చొక్కా చిరిగింది. పైన ఎవరికో బుద్ధి పుట్టినట్టుంది, రంపం ఆగి అవతలి వైపు నుంచి మొదలైంది. నాన్న హమ్మయ్య అని చతికిలబడ్డాడు. చెట్టు వాలిన చప్పుడు పెద్దగా లేదు. గుంజలు కిర్రుమన్నాయి, ఆకులు ఉస్సురుమన్నాయి, అంతే. నేలకి తగల్లేదు.

ఇక వాళ్ళు దిగడం. నాన్న మెట్లు, నాన్న దారి. ఒక్కడూ జారలేదు.

వాగు ఒడ్డున టపాకాయలు పేలాయి. అప్పుడు మేం ముగ్గురం బయటికి పరుగెత్తాం. తెల్లటి మంచులో కింద పాంగ్ మగవాళ్ళంతా ఉన్నారు. భుజాల మీద మా దేవదారు. బెరడు ఊడిన చోట లేత పసుపు రంగు మెరుస్తోంది. ముందర లాయ్ మేస్త్రి, పక్కన కర్ర పట్టుకుని ముసలావిడ. అందరూ తలలెత్తి మా ఇంటి వైపే చూస్తున్నారు. తిట్టు పడందే వాళ్ళు కదలకూడదు. దూలం కింద పెట్టనూ కూడదు.

నాన్న అరుగు అంచున నిలబడ్డాడు. చిరిగిన చొక్కాతో, నోరు తెరుచుకుని. ముప్ఫై ఏళ్ళుగా ఆ తిట్లు కూడబెట్టుకున్నాడని నాకు తెలుసు. చిక్కుడు పాదుల్లో పని చేస్తూ వల్లించుకునేవాడు, నేను విన్నాను. ఇప్పుడు ఒక్కటీ బయటికి రావడంలేదు.

"మీ... మీ ఇల్లు బంగారం గాను," అన్నాడు. "మీ కడుపులు చల్లగా ఉండ. జాగ్రత్త, వాగు దగ్గర బురదుంది."

"అవి తిట్లా?" అని లాయ్ మేస్త్రి కింది నుంచి అరిచాడు. "దూలం బరువుందయ్యా, తొందరగా కానీ."

నాన్న ముంజేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. దాలిన్ భుజం మార్చుకున్నాడు. ఇక లాభం లేదని నేనే అందుకోబోయాను. అమ్మ నా నోరు మూసింది. ఇది ఇంటిపెద్ద తిట్టాల్సిన తిట్టు.

అప్పుడు ముసలావిడ కర్ర నేలకి ఆనించి, గొంతెత్తింది.

"నాలుగొందల ఏళ్ళు మేం తిట్టాం. మీరు పడ్డారు. ఇవాళ నీ వంతు. తిట్టవయ్యా."

నాన్న ఒక్క నిమిషం ఆవిడ వైపే చూశాడు. తర్వాత తిట్టాడు.

ఆయనకి అంత గొంతు ఉందని మాకెవరికీ తెలియదు. దొంగ సచ్చినోళ్ళారా అని మొదలుపెట్టాడు. నా చెట్టు ఎత్తుకుపోతార్రా, పట్టపగలు దొరల్లా తిరుగుతూ తెల్లారగట్ల దొంగలవుతార్రా అన్నాడు. మీ పందుల దొడ్డికి పట్నం దూలం, మీ దేవుడికి నా దూలమా అన్నాడు. దాలిన్ లారీనీ, లాయ్ మేస్త్రి మెడనీ, ముసలావిడ తరిమిన కోడినీ తిట్టాడు. ఒక్కో తిట్టుకీ కింద భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి నవ్వుతో. ముసలావిడ చొక్కా చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నా పక్కన అమ్మ, ఇది నాకు తెలిసిన మనిషేనా అన్నట్టు చూస్తోంది. నా నోరు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ పొద్దున తెలిసింది నాకు. ఆయన చక్రవర్తిని తిట్టాడు, కొలువులో కర్రలు పట్టినవాళ్ళని తిట్టాడు. ఊపిరి తీసుకున్నాడు.

"నిన్ను," అన్నాడు. అది వాళ్ళతో అన్నది కాదు. ఆయన చూపు వాగు అవతల, మంటపం మెట్ల కింది రాతిబొమ్మ మీదికి పోయింది. "ఒక్క మాట. కరువుంది అని ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయిందిరా? నీ నేస్తం కదరా వాడు. నువ్వు చెప్పకపోబట్టి నా తండ్రి తల దించుకు బతికాడు. నేను బతికాను. నా కూతురు..."

కింద నవ్వులు ఆగాయి.

ముసలావిడ మా అరుగు దాకా నడిచి వచ్చింది. మెట్టు మెట్టుకీ ఆగుతూ, తొందర లేకుండా ఎక్కింది. నాన్న మోచెయ్యి పట్టుకుంది.

"చాల్లే షౌమిన్," అంది. "ఇక మీ పెద్దాయన్ని వదిలెయ్. మేమూ వదిలేస్తాం."

కిందికి చూసి చెయ్యి ఊపింది. దూలం కదిలింది.